మా వియ్యంకుడి వెల్ష్ పేర్ల పట్టిక

మా కోడలికి ఆరో నెల నడుస్తుండగా, ఎడిసన్‌లో మా అబ్బాయి ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర ఒక ఒప్పందం కుదిరింది. ఇది 2009 నాటి సంగతి. పేరు పెట్టిన కథ కాబట్టి ఇందులో రెండు పేర్లు రాయక తప్పదు. మిగతా ఎవరి పేర్లూ రాయను. అవి నా డైరీల్లో ఉన్నాయి, ఇంట్లోవాళ్లకు చాలు.

ఆ రోజు బల్ల చుట్టూ మేం ఆరుగురం. నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, కోడలి తల్లిదండ్రులు. మా వియ్యంకుడు పెన్సిల్వేనియాలో ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు వడ్రంగం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వాళ్లది వెల్ష్ కుటుంబం. ఇంగ్లండు పక్కనే ఉన్న వేల్స్‌లో పలకరాయి గనుల్లో పనిచేసినవాళ్లు, అలాంటి గనులే పెన్సిల్వేనియాలో కూడా ఉన్నాయని తెలిసి ఓడెక్కి వచ్చేశారు. మా వియ్యంకుడి తండ్రి అప్పటికి ఆరేళ్ల పిల్లవాడట.

పుట్టబోయేది మగపిల్లవాడని డాక్టరు ముందే చెప్పేసింది. ఆ దేశంలో అది రహస్యం కాదు. వియ్యంకుడు గొంతు సవరించుకుని, "వాడికి ఒక వెల్ష్ పేరు పెడితే బాగుంటుందని నా మనవి" అన్నారు. ఆయనకు ముగ్గురూ కూతుళ్లే. పెద్దమ్మాయిలిద్దరూ తమ కొడుకులకు ఆ ఏడాది ఏ పేర్లు చలామణిలో ఉంటే అవి పెట్టేసుకున్నారు. ఇక మిగిలింది మా కోడలు ఒక్కతే.

మా అబ్బాయి నా వైపు చూశాడు. "మరి మనవైపు నుంచి, నాన్నా?"

"మనవైపు నక్షత్రాన్ని బట్టి అక్షరం వస్తుంది" అన్నాను.

కోడలు ఫార్మసిస్టు. ఎవరికి ఎంత మోతాదో కొలిచి ఇవ్వడం ఆమెకు అలవాటు. "అయితే అక్షరం మామయ్యది. పేరు డాడ్‌ది. బిడ్డ నాది" అంది. అందరూ సరేనన్నారు.

ఇక్కడే నేను ఒక ముక్క మింగేశాను. మన పద్ధతిలో ఆ అక్షరం జన్మనామానికి మాత్రమే కావాలి. పూజలోనూ జాతకంలోనూ చెప్పుకునే పేరు అది. ఇంట్లో, బళ్లో పిలిచే పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. నా పేరుకీ నా నక్షత్రానికీ ఏ సంబంధమూ లేదు. మా ఆవిడదీ అంతే, మా అబ్బాయిదీ అంతే. వాడికి ఆ సంగతి తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి మా ఆవిడ అడిగింది. "పిలిచే పేరుకి అక్షరం అక్కర్లేదని ఎందుకు చెప్పలేదండీ?"

"వాళ్లు అడగలేదుగా."

"పాపం, ఆయన అంత నమ్మకంగా వింటుంటే."

"నాలుగు రోజులు సరదాగా ఉంటుంది. తరవాత చెప్పేస్తాను."

వియ్యంకులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మనకు ఆచారమే కదా, ఆయనకు మాత్రం ఆ లోటు ఎందుకని నా ఉద్దేశం. నన్ను 'బావగారూ' అని పిలవాలని పెళ్లినాడే నేర్పాను. పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి చక్కగా నేర్చుకున్నారు. గారూ దగ్గర కాస్త సాగదీస్తారు, అంతే.

మర్నాడు ఉదయం కూర్చుని పట్టిక వేశాను. నక్షత్రాలు ఇరవై ఏడు. ఒక్కోదానికి నాలుగు పాదాలు. ఒక్కో పాదానికి ఒక అక్షరం. మొత్తం నూట ఎనిమిది గళ్లు. గడిలో పైన తెలుగు అక్షరం, పక్కన ఇంగ్లీషులో దాని ఉచ్చారణ, కింద పేరు రాసుకోవడానికి ఖాళీ. కాలువ లాకుల దగ్గర ముప్ఫై మూడేళ్లు రోజుకు రెండు పూటలా నీటిమట్టం రాసిన చెయ్యి నాది. గీతలు వంకర పోలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. మా వెంట తెచ్చుకున్న పంచాంగంలోంచి కాన్పు రావలసిన నెలకు ముందూ వెనకా పేజీలు కూడా ఇంగ్లీషులో రాశాను. ఏ నక్షత్రం ఎప్పటిదాకా ఉంటుందో, ఇండియా టైములోంచి ఎన్ని గంటలు తీసేస్తే ఇక్కడి టైము వస్తుందో, అడుగున ఎర్ర సిరాతో వివరించాను. అన్నీ ఒక కవర్లో పెట్టి ఆయనకు పోస్టులో పంపాను.

ఆయన నాలుగు రోజుల్లో విసిగిపోయి ఫోన్ చేస్తారనుకున్నాను. ఫోన్ చేశారు గాని విసిగిపోలేదు. ఊళ్లో లైబ్రరీ నుంచి వెల్ష్ పేర్ల పుస్తకం తెచ్చుకున్నారట.

"బావగారూ, ధనిష్ఠ దొరికితే మన పంట పండినట్టే. గా, గీ, గూ, గే. మావాళ్లలో సగంమంది అక్కడే ఉన్నారు."

"ధనిష్ఠ మన చేతుల్లో లేదు. హస్త వచ్చిందనుకోండి, మూడో పాదం. 'ణ'. దానికి ఏముంది మీ దగ్గర?"

అవతల చాలాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. "ఏమీ లేదు. మీ దగ్గర ఏముంది?"

"మా దగ్గరా ఏమీ లేదు."

"మరి ఆ గడి ఎందుకు పెట్టారు?"

"పెద్దలు పెట్టారు. నేను గీతలు గీశాను."

వారం తిరక్కుండా ఆయన ఎదురు దెబ్బ కొట్టారు. తమ భాషలో ఒక అక్షరం ఉందనీ, నాలుకను 'ల' పలికే చోటే ఉంచి రెండు పక్కల నుంచీ గాలి వదలాలనీ, దానితో మొదలయ్యే పేర్లు బోలెడున్నాయనీ, నా పట్టికలో దానికి గడి లేకపోవడం అన్యాయమనీ అన్నారు. ఫోన్లో నాచేత పలికించారు. నేను రెండు బుగ్గల్లోంచీ గాలి వదులుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి, "కుక్కర్ కాదూ?" అని నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది.

అలా రెండు నెలలు. ఉదయం పదింటికి ఆయన ఫోన్. నా డైరీలో ఆ రోజుల పేజీలన్నీ గళ్ల లెక్కలే. నలభై రెండు నిండాయి, అరవై నిండాయి, ఎనభై ఒకటి నిండాయి. మా అబ్బాయి ఆఫీస్‌కి వెళుతూ, "మీ ఇద్దరికీ వేరే పని లేదా నాన్నా?" అనేవాడు. నిజంగానే లేదు.

ఒక శనివారం వియ్యంకుడూ వియ్యపురాలూ గంటన్నర డ్రైవ్ చేసుకుని మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. మగవాళ్లం నడకకు వెళ్లినప్పుడు వియ్యపురాలు మా ఆవిడతో ఒక మాట అంది. అది నాకు సాయంత్రం అందింది.

"ఆయన ఏ వెల్ష్ పేరైనా ఫరవాలేదని అంటున్నారు గాని, అది పైమాటేనట. తండ్రి పేరు పెట్టాలని ఉందట. ఎమ్రిస్. ఆ పేరు మళ్లీ ఇంట్లో ఎవరికీ పెట్టలేదట. అక్షరం మనదని ఒప్పుకున్నారు కాబట్టి నోరు విప్పరట. వదినగారు చెప్పి కళ్లు తుడుచుకుంది."

ఆయన వదిలి వెళ్లిన పట్టిక నకలు తీసి చూశాను. కృత్తిక నాలుగో పాదం, 'ఏ'. మిగతా గళ్లన్నిటిలో రెండు మూడేసి పేర్లు, కొట్టివేతలు, ప్రశ్నార్థకాలు. ఆ ఒక్క గడిలో మాత్రం ఒకే పేరు. పెన్సిలు గట్టిగా నొక్కి రాశారు.

నూట ఎనిమిది గళ్లలో ఒక్క గడి. నాకు సరదా కొంచెం తగ్గింది.

"ఇప్పుడైనా చెప్పండి" అంది మా ఆవిడ.

చెప్పాలనే అనుకున్నాను. అయితే ఆయన అప్పటికి లైబ్రరీకి ఎనిమిదిసార్లు వెళ్లారు. ఇంత చేయించాక ఇదంతా అక్కర్లేదని ఏ మొహంతో చెప్పడం? రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అని వాయిదా వేశాను. వాయిదా వేసిన సంగతి కూడా డైరీలో రాశాను.

పిల్లవాడు ఒక బుధవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. వియ్యంకుడూ వియ్యపురాలూ ముందు రోజే వచ్చి ఉన్నారు. అందరూ గదిలోకి వెళ్లారు. నేను ఆస్పత్రి వరండాలో కుర్చీలో కూర్చుని సంచీలోంచి పంచాంగం తీశాను. కృత్తిక సాయంత్రం ఆరూ పది వరకు. అది ఇండియా టైము. తొమ్మిదిన్నర గంటలు తీసేస్తే ఇక్కడ ఉదయం ఎనిమిదీ నలభై.

మళ్లీ చేశాను. అదే వచ్చింది. మనవడు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. కృత్తిక వెళ్లిపోయి రోహిణి మొదటి పాదం వచ్చేసింది. అక్షరం 'ఓ'. రోహిణిలో మగపిల్లవాడు పుడితే మేనమామకు మంచిది కాదంటారు. మా కోడలికి అన్నదమ్ములు లేరు కనుక ఆ దిగులొక్కటి లేదు. ఉన్న దిగులల్లా అమ్మ తరఫు తాతగారి గురించే. ఆయన తండ్రి పేరు, ఏ నూరు గళ్ల దూరాన్నో తప్పిపోయి ఉంటే సరేననుకునేవాణ్ని. పక్క గడిలో తప్పిపోయింది.

గదిలోకి వెళ్లేసరికి ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. పట్టిక నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంది. కోడలు ఒళ్లో బిడ్డతో, "ఏం వచ్చింది, మామయ్యా?" అని అడిగింది.

"కృత్తిక నాలుగో పాదం" అన్నాను. "ఏ."

మా ఆవిడ నా మొహం చూసి వెంటనే కిందికి చూసింది. నలభై ఏళ్ల కాపురం. వియ్యంకుడు మెల్లగా పట్టిక విప్పి, వెతుకుతున్నట్టు వేలు జరిపారు. ఆ గడి ఎక్కడుందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు.

"ఎమ్రిస్" అని కోడలు ఆయన భుజం మీదుగా చదివింది. "డాడ్, అది తాతగారి పేరు కదా?"

"అవును, అది కూడా ఉంది అందులో" అన్నారాయన. "కాఫీ ఎవరికైనా కావాలా?" అని బయటికి వెళ్లి ఇరవై నిమిషాలదాకా రాలేదు. వచ్చినప్పుడు చేతిలో కాఫీ లేదు.

ఆ సాయంత్రం డైరీలో రాసింది ఇది. 'మనవడు. ఉ. 9.20. రోహిణి 1వ పాదం. ఓ. వాళ్లకు ఏ అని చెప్పాను.' అబద్ధం ఆడటం వేరు, డైరీలో అబద్ధం రాయడం వేరు. రెండోది నేను ఎప్పుడూ చేయలేదు.

మర్నాడు మధ్యాహ్నం లోగా పిల్లవాడి పేరు రాసి ఆస్పత్రివాళ్లకు ఫారం ఇవ్వాలి. మా అబ్బాయి, వియ్యపురాలు ఆస్పత్రిలోనే ఉన్నారు. ఇంట్లో మేం ముగ్గురం. ఉదయం నేను వంటింట్లోకి వచ్చేసరికి వియ్యంకుడు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు పట్టిక. దాని పక్కన నేను ఇంగ్లీషులో రాసిచ్చిన పంచాంగం పేజీలు. ఒక పెన్సిలు, ఒక స్కేలు. ఆ పేజీలు పంపిన సంగతే నేను మరిచిపోయాను.

"బావగారూ, ఈ ఆరూ పది మీ టైమేనా?"

"మా టైమే."

"తొమ్మిదిన్నర తీసెయ్యాలి కదా?"

"తియ్యాలి."

"మూడుసార్లు తీశాను. ఎనిమిదీ నలభై వస్తోంది."

ఆయన ప్లేట్లో ఇంకాస్త ఉప్మా వేశాను. "ఎండాకాలం మీ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. అది లెక్కలోకి తీసుకోవాలి."

"తీసుకున్నాను. మీరే రాశారు. ఇదిగో, అడుగున, ఎర్ర సిరాతో."

మా ఆవిడ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని నాకు తెలుసు.

"నలభై నిమిషాలు" అన్నారాయన. "ఎవరైనా కుర్రాడు ఇంత తేడాతో బల్లకు కాలు బిగించి తెస్తే నేను పాస్ చేసేవాణ్ని కాదు. మీ డైరీలో ఏం రాశారు?"

తీసుకొచ్చి ముందు పెట్టాను. తెలుగు చదవలేరు కదా అని ఒక మూల ధైర్యం. ఆయన వేలు వరస వెంట నడిచి ఒకచోట ఆగింది. "ఇది ఓ" అన్నారు. తరవాత ఇంకోచోట. "ఇది ఏ. ఇది ఎందుకు ఉందో మీరు చెప్పండి." రెండు నెలలు ఆ పట్టిక ముందు కూర్చున్న మనిషికి అక్షరాలు రాకుండా ఉంటాయా? నేనే నేర్పాను.

"మీ ఆవిడ మా ఆవిడతో చెప్పింది" అన్నాను. "మీ నాన్నగారి పేరు సంగతి."

ఆయన పెన్సిలు కింద పెట్టారు. కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఒప్పందం ఒప్పందమే" అన్నారు. "అక్షరం మీది. మా నాన్న ఏ ఇంట్లోకీ దొడ్డిదారిన వెళ్లలేదు. నేను ఆయన్ని ఈ ఇంట్లోకి అలా తీసుకురాలేను. ఓ గడిలో ఒవైన్ ఉంది. మంచి పేరే." పట్టిక మడత పెట్టడం మొదలుపెట్టారు. పాత మడతల మీదే, అంచు అంచుకు కలిపి, చాలా శ్రద్ధగా. నాలుగో మడతకు ఆయన చేతులు ఆగాయి.

మా ఆవిడ వెనక్కి తిరగకుండా తెలుగులో అంది, "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

చెప్పాను. జన్మనామం ఏమిటో, పిలిచే పేరు ఏమిటో, దేనికి అక్షరం కావాలో, దేనికి అక్కర్లేదో. మా ఇంట్లో ఒక్కరి పేరూ నక్షత్రం ప్రకారం లేదని కూడా చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. దాచడానికి మూడు నెలలు పట్టింది.

ఆయన పట్టిక మడతలు మళ్లీ విప్పారు.

"ఎన్ని గళ్లు అవి?"

"నూట ఎనిమిది."

"నేను ఎన్ని నింపాను?"

"తొంభై ఏడు."

"లైబ్రరీకి ఎన్నిసార్లు వెళ్లానో తెలుసా?"

"పదకొండు. డైరీలో ఉంది."

ఆయన ఉప్మా అంతా తిన్నారు. లేచి ప్లేటు కడిగి, తుడిచి, దాని చోట పెట్టారు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టారు. సింకు పట్టుకుని నిలబడి, నీళ్లు కారుతున్న కుళాయి కట్టకుండా, ముందు చప్పుడు లేకుండా, తరవాత చప్పుడుతో నవ్వారు. మా ఆవిడ వెళ్లి కుళాయి కట్టింది.

"'ణ' కోసం నేను ఒక యూనివర్సిటీ ప్రొఫెసరుకి ఉత్తరం రాశాను" అన్నారు. "ఆయన జవాబు కూడా ఇచ్చాడు."

ఆస్పత్రిలో కోడలికి జరిగిందంతా ఆయనే చెప్పారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆమె అంతా విని, బిడ్డను మా అబ్బాయి చేతికిచ్చి, ఫారం ఒళ్లోకి తీసుకుంది. మొదటి పేరు ఎమ్రిస్, రెండో పేరు ఒవైన్ అని రాసింది. "పిలిచేది ఒకటి, దేవుడికి ఒకటి. రెండూ పట్టికలోవే, కాబట్టి ఎవరి శ్రమా వృథా కాలేదు" అంది. తరవాత నా వైపు తిరిగింది. "మామయ్యా, మీరు డైరీలో ఇదంతా ఇంగ్లీష్‌లో రాయాలి. నేను చదివి సంతకం పెడతాను."

రాశాను. యాభై ఏళ్ల డైరీల్లో ఇంగ్లీషు పేజీ అదొక్కటే. కింద ఆమె సంతకం, పక్కన వాళ్ల నాన్న సంతకం. సాక్షి అని మా ఆవిడ కూడా పెట్టింది.

ఇరవై ఒకటో రోజున పళ్లెంలో బియ్యం పోసి, మా అబ్బాయి ఉంగరంతో రెండు పేర్లూ రాశాడు. ఒక్కొక్కరం వంగి పిల్లవాణ్ని పేరు పెట్టి పిలవాలి. నేను ఎమ్రిస్ అన్నాను. మా ఆవిడ అంది. వియ్యపురాలు అంది. ఆయన వంతు వచ్చింది. వంగారు, నోరు తెరిచారు, మూశారు. మళ్లీ తెరిచి, "ఒవైన్" అని గబగబా అనేసి పక్కకు జరిగారు.

ఆ రోజుకి మేం పట్టించుకోలేదు. కాని వారం తరవాతా అంతే, నెల తరవాతా అంతే. ఊరంతా ఎమ్రిస్ అని పిలుస్తుంటే, దానికోసం అంత ఆరాటపడిన మనిషి మాత్రం పిల్లవాణ్ని పూజ పేరుతో పిలుస్తున్నారు.

"ఏమిటి బావగారూ ఇది?" అని అడిగాను.

ఆయన అప్పుడు వాడికి డైపర్ మారుస్తున్నారు. "నా డెబ్భై ఏళ్లలో ఆ పేరు పెట్టి ఎవర్నీ పిలవలేదు" అన్నారు. "మా అమ్మ పిలిచేది. ఆ పేరు వింటే చేతిలో పని వదిలేసి లేచి నిలబడాలనిపిస్తుంది. కాళ్లు ఆడించకుండా పడుకో అని మా నాన్నకు ఎలా చెప్పమంటారు?"

మా ఇళ్లల్లో మామగారి పేరున్న మనవణ్ని కోడళ్లు బాబు అని, చిన్న అని ముద్దుపేర్లతో నెట్టుకొచ్చేవాళ్లు. అది ఆయనకు చెప్పాను. "అయితే ఈసారి మీరు నిజమే చెబుతున్నారా?" అని అడిగారు.

రెండేళ్ల తరవాత మేం మళ్లీ ఎడిసన్ వెళ్లినప్పుడు కూడా ఆయన ఒక్కరే వాణ్ని ఒవైన్ అంటున్నారు. వాడు ఆ పేరుకి ఆయన దగ్గర మాత్రమే పలుకుతున్నాడు. ఒక ఆదివారం మేమిద్దరం ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. వాడు బంతి వెనక పరుగెత్తి, గడ్డి దాటి, రోడ్డు అంచుదాకా వెళ్లాడు. ఒక కారు మలుపు తిరుగుతోంది.

"ఎమ్రిస్" అని ఆయన అరిచారు. బడి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి వినపడే గొంతు.

పిల్లవాడు ఉన్నచోటనే ఆగిపోయాడు. కారు వెళ్లిపోయింది. ఆయన లేచి వెళ్లి వాడి ముందు నిలబడ్డారు. కాస్త వంగి, గొంతు బాగా తగ్గించి, "సారీ, డాడ్" అన్నారు.

వాడు కాసేపు ఆలోచించి, బంతి ఆయనకు ఇచ్చాడు.